వేదిక ముందా, వాళ్ల చోటులోనా?

అకూస్టిక్ బ్లూస్ (కరెంటు లేని గిటారుతో పాడే, అమెరికా నల్లజాతి వాళ్ల పాటలు) కళాకారులను సరదాగా ఫొటోలు తీసేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి ఫెస్టివల్ వేదిక, రెండోది వాళ్లు రోజూ కూర్చుని వాయించే చోటు.

వేదిక దగ్గర పని త్వరగా అవుతుంది. 1964లో అమెరికాలోని న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌కి బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ వచ్చినట్టు, ఎక్కడెక్కడి వాళ్లో ఒక్కచోటే దొరుకుతారు. కానీ ముఖానికి అడ్డంగా మైకు, వెనక బ్యానరు. పదిమంది తీసినా అదే ఫొటో.

నా ఓటు రెండోదానికే. జేమ్స్ సొంతూరు, మిసిసిపీ రాష్ట్రంలోని బెంటోనియాలో బ్లూ ఫ్రంట్ కఫే ఉంది. దాన్ని బ్లూస్ కళాకారుడు జిమ్మీ 'డక్' హోమ్స్ తల్లిదండ్రులు 1948లో పెట్టారు, తర్వాత ఆయన నడిపారు, అక్కడే వాయించారు. అలాంటి మసక గదిలో ఐఎస్‌ఓ (వెలుగును పట్టే కెమెరా సెట్టింగు) 3200కి పెంచినా షట్టరు వేగం 1/60 సెకను దాటడం కష్టం. తీగ మీటే బొటనవేలు చెదిరిపోతుంది. చెదరనివ్వండి! గిటారు మీద చెయ్యి ఆనిన చోట పాలిష్ పోయి తేలిన తెల్లచెక్క మాత్రం స్పష్టంగా పడుతుంది. వేదిక కింద నిలబడితే అది కనపడదు.

తొలితరం బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్‌ది మనకు మిగిలింది ఒక్క ఫొటోయే. అందులో గిటారుంది, ఇల్లు లేదు, ఊరు లేదు. అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

అయితే ఈ దారికి ఓపిక కావాలి. ఫ్లాష్ వద్దు. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంచి పాట వినండి. అడిగి తీయండి. తేదీ, ఊరు, గిటారు శ్రుతి రాసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు ఒక ప్రింటు వాళ్ల చేతికివ్వండి.