జ్ఞాపకాలను వరుసగా రాయాలా, ఒక్కొక్క విషయం పట్టుకుని రాయాలా?

రోజువారీ జీవితం నుంచి జ్ఞాపకాలు రాయదలచినవారికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. పుట్టిన ఊరు, చదువు, పెళ్లి, ఉద్యోగం అంటూ కాలక్రమంలో రాసుకుపోవడం ఒకటి. ఒక వస్తువునో, ఒక పనినో, ఒక మనిషినో పట్టుకుని చిన్న అధ్యాయాలుగా రాయడం మరొకటి. మామూలు సంసారుల జీవితానికి రెండవదే మేలని నా దృఢమైన అభిప్రాయం.

కందుకూరి వీరేశలింగం గారి వంటివారి స్వీయచరిత్రకు కాలక్రమం చక్కగా అమరుతుంది. 1881లో రాజమహేంద్రవరంలో జరిపించిన తొలి వితంతు వివాహం వంటి ఘట్టాలున్న జీవితంలో, తరువాత ఏమైందన్న ఆసక్తే పాఠకుణ్ణి నడిపిస్తుంది. మనలో చాలామందికి ఏళ్లకు ఏళ్లు ఒకే తీరుగా గడుస్తాయి కనుక, వరుసగా రాస్తే బదిలీలు, శుభకార్యాల జాబితా తప్ప మరేమీ మిగలదు.

చిత్తూరు జిల్లా పూతలపట్టు వైపు పల్లెలో పాడి మీద ఇల్లు నడిపిన ఒక ఇల్లాలు తన కథ రాస్తున్నదనుకుందాం. కాలక్రమంలో రాస్తే, ఆవులను మేపి పిల్లలను చదివించానన్న ఒక్క వాక్యంతో పదేళ్లు దాటిపోతాయి. అదే పాల కేంద్రం వారిచ్చిన పాత పాసుపుస్తకాన్ని ఎదురుగా పెట్టుకుంటే, ఏ పూట ఎన్ని లీటర్లు పోసిందో, వెన్న శాతం ఎంత వచ్చిందో, బిల్లు ఎంతైందో కనబడుతుంది. మధ్యలో నాలుగు రోజుల గడులు ఖాళీగా ఉంటే ఆవు జబ్బు పడిందా, ఇంట్లో పెళ్లికి పాలు వాడుకున్నారా, ఎండలకు మేత దొరకలేదా అని ఆమె ఆలోచించక తప్పదు. అధ్యాయం మొదలుపెట్టవలసింది ఆ ఖాళీ గడుల దగ్గరే. వెన్న తగ్గిందన్నందుకు కేంద్రంలో జరిగిన వాదులాట, బిల్లు చేతికొచ్చిన నాడు అంగడి బాకీ తీర్చిన నిశ్చింత, "ఏమక్కా, ఈ పూట పాలు తక్కువగా ఉండాయే" అన్న పక్కింటామె పలకరింపు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తాయి. ఆ పలకరింపును శిష్టభాషలోకి దిద్దకూడదు. చిత్తూరు జిల్లావాడైన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు 'పచ్చనాకు సాక్షిగా'లో తన బాల్యాన్ని చిన్న చిన్న కథలుగా, ఇంటి మాటలోనే చెప్పారు; ఈ పద్ధతి బలం తెలియాలంటే అది చదివితే చాలు.

అయితే ఇందులో కాలం తప్పే ప్రమాదం ఉంది. తిరుపతివారు ఏటా జరిగే గంగ జాతర చాటింపును గుర్తుపెట్టుకుని సంగతులు చెబితే ఏడాదిలో ఏ రోజులో తెలుస్తుంది కానీ ఏ ఏడాదో తెలియదు. అందుకే బడి సర్టిఫికెట్లు, పన్ను రసీదులు చూసుకుని ఏళ్లవారీ పట్టిక ఒకటి తమ కోసం రాసుకోవడం అవసరం. దానిని పుస్తకంలో అచ్చువేయనక్కరలేదు. తిరుపతి వేరే జిల్లా అయినది 2022 ఏప్రిల్ 4న కనుక, 1980ల నాటి సంగతిలో తిరుపతి జిల్లా అని రాస్తే ఆ ఒక్క మాటతోనే పాఠకుడికి నమ్మకం సడలుతుంది. డైరీ రాసే అలవాటున్నవారికి ఈ శ్రమ కొంత తగ్గుతుంది; డైరీని మాత్రం ముడిసరుకుగానే చూడాలి.

ఏ తాత ఎక్కడి నుంచి వచ్చాడో, ఏ మడి ఎవరి భాగానికి వచ్చిందో మనవలకు తెలియజేయడమే ఉద్దేశమైతే కాలక్రమమే సరైనది. అక్కడ పేర్లు, తేదీలు, సర్వే నంబర్లు వెతికిన వెంటనే దొరకాలి.