దీక్ష యాప్: సుగ్గికి పోయే ముందే నింపి పెట్టుకోవాలి

ఖరీఫ్ పనులు ముగిశాక కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్లలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయను, మిరపకాయలు కోయను గుంటూరు వైపు సుగ్గికి (కూలి వలసకు) పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో ఉండిపోయిన పిల్లకు బడి సాగుతుంది. వెంట పోయిన పిల్లకు మిగిలేది సంచిలో పాఠ్యపుస్తకం, నాయన జేబులో సెల్లు. బడి పాఠాలు ఫోన్లో చూపించే ప్రభుత్వ యాప్ దీక్ష కర్నూలు జిల్లాలో పనికొస్తుందా లేదా అన్నది ఈ పిల్లను బట్టే తేల్చాలి, వైఫై ఉన్న ఇంటి పిల్లను బట్టి కాదు.

పనికొస్తుంది. కాకపోతే ఊర్లో సిగ్నల్ ఉన్నప్పుడే పాఠాలు దించుకుని పెట్టుకోవాలి. చేనుగట్టున గుడారంలో కూర్చుని తెరిస్తే ఖాళీ తెర తప్ప ఏమీ కనపడదు.

2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీక్షను ప్రారంభించారు. మొదట ఉపాధ్యాయుల కోసమే అన్నారు, తర్వాత పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌లతో పిల్లలకూ చేరింది. డబ్బు కట్టే పని లేదు. పాఠాలు చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు, కోర్సులో చేరాలంటేనే లాగిన్ కావాలి. ఇది పెద్ద మేలు. ఓటీపీ వచ్చే నంబరు ఒకచోట, ఫోను ఇంకొకచోట ఉండే ఇళ్లలో లాగిన్ దగ్గరే చదువు ఆగిపోతుంది.

యాప్ మొదట భాష, తర్వాత మీరెవరు (విద్యార్థి, ఉపాధ్యాయుడు), తర్వాత బోర్డు, మీడియం, తరగతి అడుగుతుంది. తొందరలో ఎక్కువమంది తప్పేది మీడియం దగ్గరే. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉంటుంది కాబట్టి ఏది పెట్టినా ఒకటే అనుకుంటారు. యాప్‌లో ఒకటే కాదు. ఇంగ్లిషు మీడియం పెడితే తెలుగు పాఠాలు ముందుకు రావు, ‘ఏమీ లేవు’ అనుకుని యాప్ తీసేస్తారు. ప్రొఫైల్‌లోకి పోయి మీడియం మార్చి మళ్లీ చూడండి.

ఇక పుస్తకంలో ఉండే క్యూఆర్ గడి. దాన్ని యాప్ కెమెరాకు చూపిస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. కుట్టుకు దగ్గరగా ఉన్న గడి పేజీతో పాటు వంగుతుంది, కెమెరా పట్టుకోదు. పుస్తకాన్ని బండ మీద పరిచి, గడికి రెండు వైపులా బొటనవేళ్లతో అదిమి, జానెడు ఎత్తు నుంచి నిదానంగా కిందికి దించితే పట్టుకుంటుంది. ట్యూబులైటు కింద అయితే మెరుపు పడకుండా పుస్తకాన్ని కొంచెం తిప్పాలి. నూనె చెయ్యి తగిలి మసకబారిన గడి ఎంతకీ పలకదు. అప్పుడు గడి కింద చిన్నగా అచ్చయిన ఆరు అక్షరాల కోడ్ చూడండి. దాన్ని వెతికే పెట్టెలో కొడితే అదే పాఠం తెరుచుకుంటుంది. పుస్తకం చినిగే లోపే ఆ కోడ్‌లన్నీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోవడం మంచిది.

కొన్ని కోడ్‌ల వెనక ఏమీ ఉండదు, ‘త్వరలో వస్తుంది’ అన్న మాట తప్ప. పుస్తకం అచ్చయిపోయినా పాఠం ఎక్కకపోతే వచ్చే తిప్పలు ఇది. పిల్ల ఒకటికి రెండుసార్లు ఖాళీ కోడ్ చూసిందంటే మూడోది కొట్టదు. ఈ యాప్‌లో అన్నిటికన్నా ముందు సరిచేయాల్సిన లోపం ఇదే అని నా అభిప్రాయం.

రెండో లోపం అంత సులువుగా కంటపడదు. కొన్ని వీడియోలు దీక్షలో కనపడినా నిజానికి యూట్యూబ్‌లో ఉంటాయి. అవి ఫోన్లోకి దిగవు. డౌన్‌లోడ్ గుర్తు రాలేదంటే అది అలాంటిదే. మిగతావాటికి పక్కనే ఎన్ని ఎంబీలో రాసి ఉంటుంది. వీడియో ఒక్కొక్కటి 40 ఎంబీ అనుకుంటే పది పాఠాలకు 400 ఎంబీ, అంటే రోజుకు 1.5 జీబీ వచ్చే రీచార్జిలో మూడో వంతు కూడా కాదు. మూడు రాత్రులు కూర్చుంటే ఒక సబ్జెక్టు అయిపోతుంది. ముందు పీడీఎఫ్‌లు, ప్రశ్నల అభ్యాసాలు దించండి. అవి చిన్నవి. తప్పు జవాబు నొక్కితే అక్కడికక్కడే చెప్తాయి కాబట్టి పక్కన పంతులు లేని పిల్లకు వీడియో కన్నా ఎక్కువ ఉపయోగం. తర్వాత లెక్కలు, సైన్సు వీడియోలు. అన్నీ దించాక ఫోన్ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. దిగిందనుకున్నది సగంలోనే ఆగి ఉంటే ఊర్లోనే తెలిసిపోతుంది.

ఫోన్లో చోటు లేదని ఎవరైనా సెట్టింగుల్లో ‘క్లియర్ డేటా’ నొక్కితే దించినవన్నీ పోతాయి. వాట్సాప్ వీడియోలు తీసేసి చోటు చేసుకోండి, దీక్షను ముట్టుకోకండి.

ఒక ఇంట్లో దించిన పాఠాన్ని పక్కింటికీ ఇవ్వొచ్చు. షేర్ నొక్కితే లింకుగా కాకుండా ఫైలుగా పంపే దారి ఉంటుంది. బ్లూటూత్‌లో పంపితే అవతలి ఫోన్లోని దీక్ష దాన్ని తెరుస్తుంది, ఒక్క ఎంబీ ఖర్చు కాదు. బడిలో ఒక ఫోన్లో నింపి, సుగ్గికి పోయే పది ఇళ్లకు పంచడం ఒక్క సాయంత్రం పని. ఊరి పంతుళ్లు ఈ పని నెత్తినేసుకోవాలని చేతులెత్తి అడుగుతున్నాను.

ఇలా పంచడం తప్పు కాదా అని అడిగేవాళ్లున్నారు. పాఠం వివరాల్లో లైసెన్స్ అన్న వరుస చూడండి. చేసినవాళ్లు తమ పాఠాన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే లైసెన్సులు క్రియేటివ్ కామన్స్. వాటిలో ‘బీవై’ అంటే చేసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చు. ‘ఎన్‌సీ’ ఉంటే అమ్ముకోకూడదు, ‘ఎస్ఏ’ ఉంటే మార్చినదాన్ని కూడా అదే షరతుతో అందరికీ ఇవ్వాలి. ‘ఎన్‌డీ’ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. ఇలాంటి పాఠాలకు పెట్టిన ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ (అందరికీ తెరిచి ఉంచిన చదువు సామగ్రి) అన్న మాటను యునెస్కో సమావేశం 2002లో వాడుకలోకి తెచ్చింది. అందులో ‘ఓపెన్’ అంటే ఉచితంగా చూడ్డం ఒక్కటే కాదు, దాచుకోవడం, మార్చుకోవడం, మళ్లీ పంచడం కూడా. యూట్యూబ్‌లో ఉచితంగా కనపడే పాఠాలన్నిటికీ ఈ హక్కులుండవు.

మార్చుకునే హక్కును మన దగ్గర వాడేవాళ్లు తక్కువ. శాతాల లెక్కలో యాపిల్ పండ్ల బుట్ట వస్తుంది. ‘ఎన్‌డీ’ లేని పాఠమైతే దాన్ని బుడ్డల (వేరుశనగ) మూటగా మార్చి, ఎండబెట్టాక తూకం ఎంత తగ్గిందని అడగొచ్చు. ఆ మూట మోసిన పిల్ల లెక్క అర్థం చేసుకోను ఒక్క నిమిషం కూడా ఆగదు.