రోజే థెసారస్ రివ్యూ: అన్నిటికీ "ఇన్‌డైరెక్ట్" అని రాసి విసుగొచ్చినవాళ్ళకి

చర్చ్ స్ట్రీట్ బ్లాసమ్ బుక్ హౌస్‌లో రోజే థెసారస్ సెకండ్‌హ్యాండ్ కాపీ ఒకటి తీసుకున్నా, ఒక మాటకి దగ్గరి అర్థమున్న ఇంగ్లీష్ మాటలన్నీ గుంపుగా చూపే పుస్తకం ఇది, పెంగ్విన్ వాళ్ళ లావుపాటి పేపర్‌బ్యాక్. ఇప్పుడది ఆఫీస్ డెస్క్ మీదే ఉంటోంది. బెంగళూరులో మన తెలుగువాళ్ళం ఏ కంపెనీలో ఏ పని చేస్తున్నా సగం రోజు ఇంగ్లీష్ మెయిల్స్, డాక్యుమెంట్లు రాయడంతోనే పోతుంది కదా, కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్ళకి పనికొస్తుందని ఈ రివ్యూ.

నేను దీన్ని ముఖ్యంగా ఒక్క రకం మాటల కోసం తిరగేశా. సూటిగా లేనివాటిని చెప్పే మాటలు. తెలుగులో అయితే డొంకతిరుగుడు, నర్మగర్భం, నసగడం, దాటేయడం, ఇవన్నీ మనకి పుట్టుకతో వచ్చినట్టే ఉంటాయి, ఎక్కడ ఏది వాడాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీష్‌కొచ్చేసరికి అన్నిటికీ ఇన్‌డైరెక్ట్ అని పెట్టేసి సెండ్ కొట్టేస్తాం. ఫోన్‌లో వెతికితే ఫ్రీ సైట్లు పాతిక ముప్ఫై మాటలు వరసగా పడేస్తాయి, అందులో దారికి వాడేది ఏదో, మనిషి బుద్ధికి వాడేది ఏదో చెప్పవు, మొదట కనపడింది తీసి మెయిల్‌లో పెడితే అవతల చదివేవాళ్ళకి వేరే అర్థం పోతుంది.

ఈ పుస్తకం ఆ పని వేరేలా చేస్తుంది, నాకు నచ్చిందంతా అక్కడే. పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లండ్ డాక్టరు 1805లో సొంతానికి మాటల జాబితా ఒకటి రాసుకోవడం మొదలుపెట్టి, రిటైరయ్యాక దాన్ని పెంచి 1852లో అచ్చు వేయించాడు, అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. ఏ టు జెడ్ వరస కాదు. లోకంలో ఉన్న భావాలన్నిటినీ 6 పెద్ద తరగతులుగా చేసి, వాటి కింద నంబర్లేసిన 1000 శీర్షికలు పెట్టి, ఒక్కో శీర్షిక కింద ఆ భావానికి దగ్గరి మాటలన్నీ గుంపుగా ఇచ్చాడు, కుదిరిన చోటల్లా పక్కనే దానికి వ్యతిరేక భావం కూడా. తర్వాతి ఎడిషన్లలో నంబర్లు మారాయి కానీ పద్ధతి అదే.

దీనివల్ల మనకేంటి అంటే, పాత పుస్తకాలు పెట్టే వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఫ్రీగా దొరికే పాత 1911 ఎడిషన్ నంబర్లతో చెప్తా, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఏటవాలుగా ఉండటం శీర్షిక నంబర్ 217, అది స్థలం అనే తరగతిలో ఉంది. పైకి చెప్పకుండా లోపల దాగిన అర్థం 526, మాటల్ని సాగదీసి చుట్టూ తిప్పి చెప్పడం 573, ఈ రెండూ బుద్ధి అనే తరగతిలో. చుట్టుదారి 629, కపటం 702, ఇవేమో సంకల్పం అనే తరగతిలో. అంటే మనం ఇన్‌డైరెక్ట్ అని ఒకే ముద్దగా అనుకున్నది విడిపోయి, నువ్వు చెప్పేది దారి గురించా, మాట గురించా, ఉద్దేశం గురించా అని పుస్తకమే తిరిగి అడుగుతుంది. ఆ ప్రశ్న వేసుకున్నాక సగం పని అయిపోతుంది, నిజంగా.

సిల్క్ బోర్డు జంక్షన్ తప్పించుకోడానికి బొమ్మనహళ్ళి మీదుగా హెచ్ఎస్ఆర్ లేఅవుట్ లోపల్నుంచి తిరిగొస్తాం చూడండి, అది సర్క్యూటస్ రూట్, రౌండబౌట్ అన్నా ఓకే. మీటింగ్‌లో అడిగినదాన్ని కాస్త తాకి పక్కకి వెళ్ళిపోయే మాట టాంజెన్షియల్. కావాలని జవాబు ఇవ్వకుండా జారుకుంటే ఇవేసివ్. చెప్పకుండానే అర్థమయ్యేది ఇంప్లిసిట్, ఇందులో తప్పేం లేదు, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో హాయిగా రాయొచ్చు. ఒకరిని చెడ్డగా అనుకునేలా చేసే సూచన అయితే మాత్రం ఇన్యుఎండో, దాన్ని మామూలు హింట్ బదులు వాడేస్తే గొడవలైపోతాయి. డీవియస్ ఇంకా జాగ్రత్తగా వాడాలి, దారికి వాడితే చుట్టు తిరిగిన దారి అనే అర్థమే కానీ మనిషికో అప్రోచ్‌కో తగిలిస్తే వంకర బుద్ధి అని, క్లయింట్ మెయిల్‌లో డీవియస్ అప్రోచ్ అని రాస్తే వాళ్ళని మోసగాళ్ళు అన్నట్టే. సొంతంగా అనుభవించకుండా ఇంకొకరి ద్వారా పొందే ఆనందం వైకేరియస్, పిల్లల ర్యాంకులు చూసి మురిసిపోయే పేరెంట్స్‌కి సరిగ్గా సరిపోతుంది.

మా కజిన్ ఇక్కడే లా చదువుతోంది, తనకి ఈ తేడాలు ఇంకా సీరియస్. సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్ అంటే పరిస్థితుల్ని బట్టి ఊహించే సాక్ష్యం, హియర్‌సే అంటే ఎవరో చెప్తే విన్న మాట, రెండూ నేరుగా కావు కానీ కోర్టులో మొదటిదాని మీద శిక్ష పడొచ్చు, రెండోదాన్ని మామూలుగా తీసుకోరు. 1872 ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 60లోనే నోటి సాక్ష్యం డైరెక్ట్‌గా ఉండాలని ఉంది, 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఆ రూల్ అలాగే ఉంది అని తనే చెప్పింది.

ఇక లోపాలు, చిన్నవేం కాదు. పైన నేను రాసిన తేడాల్లో ఒక్కటి కూడా ఈ పుస్తకంలో రాసి ఉండదు! గుంపు చూపిస్తుంది అంతే, అర్థాలు ఇవ్వదు, వాక్యాలు ఇవ్వదు, కాబట్టి పక్కన మంచి డిక్షనరీ లేకుండా ఇది ఒక్కటే కొనడం నేను ఒప్పుకోను. మిక్సీ జార్ ఉండి మోటార్ లేనట్టే. ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేశారు, వాళ్ళకి మాట చూడగానే గుర్తొస్తుంది, మనకి రాదు. సర్కంబెండిబస్ (చుట్టుతిరుగుడు) లాంటి ఇప్పుడు ఎవరూ అనని మాటలు పాత ఎడిషన్లో బాగా ఉన్నాయి, అవి చూసి ముచ్చటపడి వాడేయకండి. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్ళకి కళ్ళు లాగుతాయి.

డిగ్రీ చదివే పిల్లలకి, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ళకి అయితే నేను దీనికన్నా ముందు ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ థెసారస్ చెప్తా, 2008లో వచ్చింది, మాటలు తక్కువే కానీ దగ్గరి మాటల మధ్య తేడా ఏంటో విడమర్చి, వాక్యాలతో చూపిస్తుంది. లాంగ్‌మన్ లాంగ్వేజ్ యాక్టివేటర్ అని 1993లో వచ్చింది కూడా అలాంటిదే, భావం ప్రకారం గుంపులు ప్లస్ అర్థాలు, పాత పుస్తకాల షాపుల్లో కనిపిస్తే వదలొద్దు. కంటెంట్ రైటర్లు, టెక్నికల్ రైటర్లు, అనువాదాలు చేసేవాళ్ళు మాత్రం రోజే కొనుక్కోవాల్సిందే, అంత విస్తారంగా నాకు ఇంకే పుస్తకంలోనూ దొరకలేదు.

షాప్ గురించి కూడా రెండు మాటలు. ఎంజీ రోడ్ మెట్రోలో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు, వీకెండ్ సాయంత్రం చర్చ్ స్ట్రీట్ కిటకిటలాడుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. ఒకే పుస్తకానికి రెండు మూడు ఎడిషన్లు పక్కపక్కన పెట్టుకుని తిరగేసినా నన్నెవరూ ఏమీ అనలేదు, అది నాకు చాలా నచ్చింది. పాత కాపీ తీసుకుంటే వెనకాల ఇండెక్స్ పేజీలన్నీ ఉన్నాయో లేదో బిల్లు కట్టకముందే చూసుకోండి, ఈ పుస్తకంలో వెతుకులాట అంతా అక్కడి నుంచే మొదలవుతుంది, ఆ పేజీలు ఊడిపోయిన కాపీ ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.