43 ఏళ్ల వయసులో నాకు నప్పే బట్టలు ఎక్కడ దొరికాయంటే: కొయ్యలగూడెం, పోచంపల్లి, మా టైలరమ్మ

నల్గొండలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దం వెనక కూర్చుంటాను కాబట్టి జనానికి కనిపించేది నడుము పైభాగమే. మెడ ఎలా కుట్టారు, చేతులు ఎక్కడిదాకా వచ్చాయి, రంగు మొహానికి నప్పిందా లేదా, నాకు ఇవే ముఖ్యం. పెళ్లికి పట్టుచీర ఎక్కడ కొనాలో చెప్పేవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. రోజూ పనికి వేసుకెళ్లే డ్రెస్సు, నలభై దాటిన మనిషికి కాస్త స్టైల్‌గా, ఒంటికి హాయిగా ఉండేది ఎక్కడ దొరుకుతుందంటే మాత్రం ఎవరూ చెప్పరు. రెండేళ్లు తిరిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మా మేనేజర్ గారి రిటైర్మెంట్ ఫంక్షన్ కోసం ఊళ్లో ఒక పెద్ద షాపుకు వెళ్లాను. పేరు రాయను. షోకేస్ అద్దం వెనక బొమ్మకు పసుపు కుర్తా వేసి ఉంది. అది చూపించమంటే సేల్స్ అమ్మాయి, "మీ సైజుల అది రాదు ఆంటీ, మీకు అటు సైడ్ ఉంటయి" అని మూలకు తీసుకెళ్లింది. అక్కడ డబుల్ ఎక్సెల్ ర్యాకు నిండా కాఫీపొడి రంగు, ముదురు మెరూన్, నేవీ బ్లూ. మెడ చుట్టూ పూసలు, అద్దాలు. "మీ ఏజ్‌కు ఇవే మంచిగుంటయి ఆంటీ" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ రోజు చాలా బాధపడ్డాను. చిన్నప్పటి నుంచీ నాకు పసుపంటే ప్రాణం. ఒళ్లు వచ్చిందని ఆ ఇష్టాన్ని ఎందుకు వదులుకోవాలి?

టైం లేక 1,650 రూపాయలు పెట్టి మెరూన్‌ది కొన్నాను. ఫంక్షన్‌లో కూర్చున్నంతసేపూ ఎప్పుడు ఇంటికెళ్లి విప్పేద్దామా అనిపించింది. నెలసరి ఆగే కాలం దగ్గరపడుతుంటే చాలామందికి ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పడతాయి. నాకు 41లోనే మొదలయ్యాయి. అప్పుడు పాలిస్టర్ వీపుకు అంటుకుపోతుంది. ఏసీ ఉన్నా లాభం లేదు. ఇక మే నెలలో నల్గొండ ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బట్ట ఒక్కటే సమస్య కాదు, కటింగ్ కూడా. రెడీమేడ్‌లో పొట్టకు సరిపోయే సైజు తీసుకుంటే భుజాలు జారతాయి, మెడ వెడల్పయి లోపలి స్ట్రాప్ కనిపిస్తుంది. భుజాలకు సరిపోయేది తీసుకుంటే పొట్ట దగ్గర పట్టేస్తుంది. నాకు రెండు సిజేరియన్లు. పై భాగం ఎల్ సైజు, కింద డబుల్ ఎక్సెల్. ఆన్‌లైన్‌లో నాలుగు తెప్పించి మూడు వాపసు పంపాను, అక్కడా ఇదే తంటా. మా అమ్మ చేసినట్టే మీటరు బట్ట కొని కుట్టించుకుందామని అప్పుడు నిర్ణయించుకున్నాను.

బట్ట కోసం మొదట వెళ్లింది కొయ్యలగూడెం. చౌటుప్పల్ మండలం, హైదరాబాద్ విజయవాడ హైవే మీదే ఊరు. చాలామందికి ఇక్కడి ఇక్కత్ దుప్పట్లే తెలుసు (ఇక్కత్ అంటే నేయకముందే నూలును కట్టి రంగులేసి నేసే బట్ట). డ్రెస్ మెటీరియల్ కోసం వెళ్లమని నాకు చెప్పింది మా తోడికోడలు. నల్గొండ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వెళ్లాను. నేను వెళ్లిన చోట కాటన్ ఇక్కత్ తానులు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. మీటరు 280. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, "ఏం కుట్టిస్తవ్ అక్కా, కుర్తానా, జాకెటా?" అని అడిగారు. కుర్తా అనగానే కాస్త బరువున్న బట్ట తీశారు. జాకెట్‌కు పనికొచ్చే పలచటి బట్ట పెద్ద కుర్తాకు వేస్తే ఒంటి మీద నిలవదు, ముడతలు పడి మడతల్లోకి వెళ్లిపోతుందని వాళ్లే చెప్పారు. ఎదుటి మనిషి ఒళ్లు చూసి కాకుండా, కుట్టించుకునేది ఏమిటో అడిగి బట్ట తీసే షాపు నాకు అంతకుముందు తగల్లేదు. వయసు గురించి ఒక్క మాట కూడా రాలేదు.

పసుపు అక్కడే దొరికింది. ఆవపిండి పసుపు మీద తెల్ల వజ్రాలు, సన్నటి నల్ల గీత. లావుగా ఉన్నవాళ్లు చిన్న డిజైనే వేసుకోవాలని అందరూ అంటారు. నా అనుభవం వేరే. నా ఒంటి మీద చిన్న చుక్కల బట్ట చెల్లాచెదురుగా కనిపిస్తుంది. అరచేయంత వజ్రం నిండుగా, ధైర్యంగా ఉంటుంది. ఎవరికి వాళ్లు బట్ట భుజం మీద వేసుకుని, నాలుగడుగులు వెనక్కి నడిచి అద్దంలో చూసుకోండి. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలియదు.

లోటు కూడా చెప్పాలి. రంగులు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒక తానులో నచ్చింది అయిపోతే మళ్లీ అదే రంగు వస్తుందని గ్యారంటీ లేదు. నెమలికంఠం రంగుది ఒకటి తర్వాత కొందామని వదిలేసి వచ్చాను. ఇప్పటికీ దొరకలేదు.

చౌటుప్పల్ నుంచి పోచంపల్లికి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. 2016లో జిల్లాలు విడిపోయాక అది యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ మన జిల్లా పోచంపల్లి అనే అంటాం. రోడ్డుకు రెండు పక్కలా చీరల షాపులే. తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టి ఒకదాని మీద ఒకటి విప్పి పరుస్తారు. చూసి వద్దంటే మొహం మాడ్చుకోవడం నేను వెళ్లిన మూడు షాపుల్లోనూ లేదు. శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్లు ఎక్కువ, ఎవరికీ తీరికగా చూపించలేరు. సెలవు పెట్టుకుని మంగళవారం వెళ్లినప్పుడు ఒక షాపాయన వెనకనున్న వాళ్లింట్లోకి తీసుకెళ్లి మగ్గం చూపించారు. వాళ్లావిడ నూలుకు రబ్బరు ముక్కలు గట్టిగా చుట్టి కడుతున్నారు. కట్టిన చోట రంగు ఎక్కదు. రంగు ఆరాక విప్పి, వేరే చోట కట్టి ఇంకో రంగు. అంటే మగ్గం మీదికి ఎక్కకముందే డిజైన్ అంతా దారంలోనే ఉంటుంది. నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టి డిజైన్ అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టు కొంచెం మసగ్గా వస్తాయి.

అది చూడకముందు నేనొకసారి మోసపోయాను. వేరే ఊళ్లో, పేరు రాయని ఇంకో షాపులో, అసలు పోచంపల్లి అని చెప్పి మీటరు 350కి ఇచ్చారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనకవైపు వెలిసిపోయినట్టుంది. ప్రింటు. రెండు ఉతుకులకు ముందువైపూ అలాగే అయింది. అసలు ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. డిజైన్ అంచులు కత్తితో కోసినట్టు ఉంటే అనుమానించండి. అయితే ఇలాగే కట్టి రంగేసిన నూలుతో పవర్‌లూమ్, అంటే కరెంటు మగ్గం మీద నేసినవీ ఉంటాయి, వాటికీ రెండు వైపులా రంగు ఉంటుంది. అందుకే నేను ఇప్పుడు చేత్తో నేసిందని చెప్పే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ అడుగుతున్నాను. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందనే గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టి ప్రింటు అమ్మడం నేసినవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

పోచంపల్లిలో నా మార్కులు చీరలకు, దుపట్టాలకు. కుర్తా బట్టకు కొయ్యలగూడెమే మేలు, ధర తక్కువ, కాటన్ రకాలు ఎక్కువ. నాకు మాత్రం దుపట్టాల్లో తేలియా రుమాల్ మీద మనసుంది. సంస్థాన్ నారాయణపూర్ మండలం పుట్టపాకలో నేస్తారు. పద్మశ్రీలు గజం గోవర్ధన గారు, గజం అంజయ్య గారు ఆ ఊరివాళ్లే. నూలును ఆముదం కాయల బూడిద, నువ్వుల నూనె కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. ఎరుపు, నలుపు, తెలుపు. పడుగు (నిలువు దారం)లోనూ పేక (అడ్డ దారం)లోనూ డిజైన్ కట్టి రెండూ కలిసేలా నేయాలి, అందుకే ధర. 2020లో దానికీ జీఐ వచ్చింది. ఒకరి దగ్గర ముట్టుకుని చూశాను, మెత్తగా, సన్నటి నూనె వాసనతో ఉంది. ఈసారి డీఏ బకాయిలు పడితే కొనాలని పక్కన పెట్టుకుంటున్నాను.

చీర కట్టే రోజుల కోసం రెండు మాటలు. మహబూబ్‌నగర్‌లో ఉన్న మా చెల్లెలు నారాయణపేట కాటన్ గళ్ల చీర పెట్టింది. ముదురు అంచు, గంజి పెడితే కుచ్చిళ్లు అలా నిలబడతాయి. గద్వాల చీర నాకు ఆఫీసులోనూ పనికొస్తుంది, ఒళ్లంతా కాటన్, అంచూ పల్లూ పట్టు. చెమట పట్టినా ఇబ్బంది లేదు, కౌంటర్ అద్దంలోంచి చూసేవాళ్లకు కనిపించేది పట్టు అంచే.

ఇక టైలరమ్మ. ఇంత బట్ట కొన్నా కుట్టు కుదరకపోతే దండగ, మొదటిదానితో నాకు అదే జరిగింది. బట్టను తడపకుండా కుట్టించాను. మొదటి ఉతుకుకే కుదించుకుపోయి మోకాలి కింద ఉండాల్సింది పైకెక్కింది. అప్పటి నుంచి కొన్న రోజే ఒక రాత్రి నీళ్లలో విడిగా నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి ఇస్తాను. మొదటి నీళ్లలో రంగు కొంచెం దిగుతుంది, కంగారుపడొద్దు. మా టైలరమ్మ మా కాలనీలోనే ఇంటి ముందు గదిలో కుడుతుంది. నేను ఒక పాత కుర్తా తీసుకెళ్లి "దీని కొలతలతో కుట్టు" అంటే ఆవిడ పక్కన పెట్టేసింది. "అది నువ్వు పదేళ్ల కింద కుట్టించుకున్నవ్ కదా అక్కా, ఇప్పుడున్న ఒంటికి కుడదాం" అని టేపు తీసింది. ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

భుజం కొలత విడిగా, ఛాతీ విడిగా, పొట్ట దగ్గర కూర్చోబెట్టి ఇంకోసారి తీసింది. నిలబడితే సరిపోయేది కూర్చుంటే పట్టేస్తుందట. రోజంతా కూర్చునే నాకు అదే కావాలి. సైడ్ కట్స్ నడుము దగ్గర మొదలుపెట్టకుండా తుంటి దాటాక పెట్టింది, కూర్చున్నప్పుడు పక్కలు విచ్చుకోవు. చేతులు మోచేతి కిందికి నాలుగు వేళ్లు. మెడ వెడల్పు తగ్గించి వి ఆకారం. లోపల రెండు పక్కలా అంగుళంన్నర మార్జిన్ వదిలింది, ఒళ్లు పెరిగినా తగ్గినా విప్పుకోవచ్చని. వజ్రం డిజైన్ రెండు పక్కల కుట్ల దగ్గరా కలిసేలా పెట్టడానికి అర మీటరు ఎక్కువ పట్టింది. అందుకే రెండున్నర చాలనుకున్నా మూడు మీటర్లు తీసుకోండి. మీ టైలర్ ఎవరైనా సరే, ఈ కొలతలన్నీ అడిగి మరీ తీయించుకోండి.

ఆ పసుపు కుర్తా లెక్క చెబుతాను. బట్ట మూడు మీటర్లు 840, ప్రకాశం బజార్‌లో కాటన్ లైనింగ్ 150, కుట్టు 450. మొత్తం 1,440. ఆ మెరూన్ కుర్తా కన్నా 210 తక్కువ. ఏడాదిన్నరగా వారానికొకసారి వేసుకుంటున్నాను, రంగు నిలిచే ఉంది. వేసుకెళ్లిన మొదటి రోజు పెన్షన్ తీసుకోవడానికొచ్చిన ఒక పెద్దావిడ అద్దం దగ్గరకు వంగి, "ఏడ కొన్నవ్ బిడ్డా, మంచిగున్నది" అంది. వెనక క్యూ ఉన్నా కొయ్యలగూడెం పేరు కాగితం మీద రాసిచ్చాను.

టైలరమ్మతో ఒక్కటే ఇబ్బంది, టైం. పది రోజులంటే పదిహేను. బతుకమ్మ ముందు రెండు వారాలు కొత్త బట్ట పట్టదు, ఎంత బతిమాలినా సరే. ఈసారి తంగేడు పసుపు మీద వంగపండు రంగు అంచున్న బట్ట తెచ్చి తడిపి, ఆరేసి ఉంచాను. రేపు ఆదివారమే ఇచ్చేస్తాను.