‘టేక్ ఆన్ మీ’ అన్‌ప్లగ్డ్: హుషారు తీసేశాక మిగిలిన పాట

ఏ హుషారు పాటకైనా వేగం తగ్గించి, వెనకాల పియానో పెట్టి, గొంతులో కాస్త జీర కలిపితే విషాదగీతం అయిపోతుందని ఈమధ్య చాలామంది నమ్మకం. యూట్యూబ్‌లో మన సినిమా పాటలకీ వేగం తగ్గించి ప్రతిధ్వని కలిపిన స్లోడ్ రివర్బ్‌లు కుప్పలుతెప్పలు. అర్ధరాత్రి వినడానికి బాగానే ఉంటాయి, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకే నార్వే బ్యాండ్ ఆ-హా తమ పాట ‘టేక్ ఆన్ మీ’ని తామే అలా మార్చారంటే పెద్దగా ఆశ పెట్టుకోలేదు. తీరా విన్నాక ఒరిజినల్ జోలికి వెళ్ళడమే తగ్గిపోయింది.

ఒరిజినల్ 1985లో అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయింది. పెన్సిల్ బొమ్మలు కదిలే వీడియో, పాట పేరు తెలియనివాళ్ళు కూడా ఠక్కున పట్టేసే ఆ సింథ్ రిఫ్ (కీబోర్డు మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బాణీ), దానికింద డ్రమ్ మెషీన్ పరుగు. ఆ ఊపులో మాటలెవరు వింటారు? నిజానికి పాడేవాడు ఏం మాట్లాడాలో తోచక తడబడుతున్నాడు, ఒకట్రెండు రోజుల్లో వెళ్ళిపోతాను, ఈలోగా నన్ను కాదనకు అని బతిమాలుతున్నాడు. బాధ మొదట్నుంచీ అక్కడే ఉంది, బీటు కింద పడి నలిగిపోయిందంతే.

2017 జూన్‌లో నార్వేలోని గిస్కె ద్వీపంలో రికార్డు చేసిన ఈ ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ హంగులు తగ్గించి పాడే కచేరీలో, ఆ బీటు బరువు తీసేశారు. పల్లవిలో స్వరం మెట్టు మెట్టుగా పైకెక్కే చోటు ఉంది చూశారూ, కరోకేలో అందరూ గొంతు చించుకునేది అక్కడే, పాతదాంట్లో అది విన్యాసంలా ఉండేది. ఇక్కడ బ్యాండ్ గాయకుడు, 57 ఏళ్ళ మోర్టెన్ హార్కెట్ అవే మెట్లు తొందరేం లేకుండా ఎక్కుతాడు, పై స్వరాన్ని మెల్లగా తాకి వదిలేస్తాడు, చప్పట్ల కోసం ఆగడు. పాతికేళ్ళ కుర్రాడు వెళ్ళిపోతానంటే బెదిరింపులా ఉంటుంది, ఈ వయసులో అదే మాటంటే నిజంగానే వెళ్ళిపోతాడేమో అనిపిస్తుంది. 2018లో ‘డెడ్‌పూల్ 2’లో ఈ వెర్షన్‌నే వాడారు, అంత అల్లరి సినిమాలోనూ సరిగ్గా ఏడిపించే చోట.

ఈ కచేరీ ఆల్బమ్ మొత్తం గురించి మాత్రం ఇంత గొప్పగా చెప్పలేను. అన్నీ ఒకే నింపాది వరసలో సాగుతుంటే సగానికొచ్చేసరికి కాస్త నీరసం వస్తుంది. ‘సమ్మర్ మూవ్డ్ ఆన్’ పాటలో ఇంగ్లిష్ గాయని ఆలిసన్ మోయెట్ గొంతు కలిసినప్పుడు మళ్ళీ ప్రాణం లేచొస్తుంది, అదొక్కటీ వదలకండి.

పాటకి ఐదుకి ఐదు, ఆల్బమ్‌కి మూడున్నర. ఫోన్ స్పీకర్లో వినకండి, సగం పాట ఊపిరిలోనే ఉంది, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ముందు 1985ది ఒకసారి విని వెంటనే ఇది పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. పార్టీలో మాత్రం పొరపాటున కూడా ప్లే చేయకండి, ఏమైందిరా నీకు అని నలుగురూ చుట్టూ చేరతారు.