సోపా, రెస్టా? అవతలివాళ్లకు ఫోన్ చేయగలరా అన్నదే అసలు ప్రశ్న

"అన్నా, సోప్ ఇంకా నేర్చుకోవాల్నా? రెస్ట్ వస్తే చాలదా?" హనుమకొండలో ఫైనల్ ఇయర్ చదివే పిల్లల నుంచి మడికొండ ఐటీ పార్కులో కొత్తగా చేరినవాళ్ల దాకా అందరూ అడుగుతున్నది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే నయం. ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే పద్ధతులే ఈ రెండూ. సోప్‌లో మెసేజ్ ఎక్స్ఎంఎల్ ట్యాగుల్లో పోతుంది, రెస్ట్‌లో ఎక్కువగా జేసన్‌లో, అంటే పేరు-విలువ జతలుగా. అందుకే కింద జేసన్ అన్నచోట రెస్ట్ అనుకోండి. ఎక్స్ఎంఎల్ అంటే ఏంటి, ఏపీఐ అంటే ఏంటి అన్న దగ్గర మొదలుపెట్టను, అవి మీకు తెలిసినవే.

సోప్ బరువు, జేసన్ తేలిక అని ఇంటర్వ్యూల్లో అందరూ అప్పజెబుతారు. నిజమే. రైతు పేరు, తూకం, రేటు పంపాలంటే జేసన్‌లో మూడు లైన్లు చాలు. సోప్‌లో ఎన్వలప్, దాంట్లో హెడర్, బాడీ, నేమ్‌స్పేస్‌లు. అసలు సంగతి కన్నా కవరే పెద్దది. కానీ రోజుకు వందల్లో బిల్లులు నడిచే చోట ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. మొబైల్ యాప్‌లో ఆనుతుంది. పైగా బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌కు జేసన్ సొంత ఇంటి సరుకు. అందుకే యాప్ వెనక నడిచే సర్వీసుకు సోప్ పెట్టమని నేనెవరికీ చెప్పను.

నా లెక్కలో తేల్చేది వేరే ఉంది. అవతలి సిస్టమ్ రాసినవాళ్లకు ఫోన్ కొట్టి "ఈ ఫీల్డ్‌లో ఏం పంపాలి?" అని అడిగే వీలుందా? ఉంటే జేసన్ హాయి. ఆ వీలు లేకపోయినా, అడిగితే టికెట్ నంబర్ చేతిలో పెట్టి ఊరుకునే సంస్థ అయినా, ఒప్పందం కాగితం మీద ఉండాల్సిందే. సోప్ సర్వీసుతో పాటు ఇచ్చే డబ్ల్యూఎస్‌డీఎల్ అనే ఫైలే ఆ కాగితం. సోప్ 1.1 వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నోట్‌గా 2000లో వచ్చింది, డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 ఆ మరుసటి ఏడాది. ఏయే ఆపరేషన్లున్నాయి, ఒక్కోదానికి ఏం ఇవ్వాలి, ఏది తప్పనిసరి, ఏది తేదీ, పాయింటు తర్వాత ఎన్ని అంకెలు అన్నదంతా ఆ ఫైల్లో, దానికి జతైన స్కీమాలో ఉంటుంది. దాన్ని విజువల్ స్టూడియోకు ఇచ్చినా, జావా టూల్‌కు ఇచ్చినా ఆ సర్వీసును పిలవడానికి కావాల్సిన కోడ్ (క్లాసులు) దానంతట అదే తయారవుతుంది. అటు జావా సర్వర్, ఇటు డాట్‌నెట్ క్లయింట్. రాసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా పని నడుస్తుంది.

నాకు తెలిసిన ఒక జిన్నింగ్ మిల్లులో జరిగింది చెబుతా. కాంటా సాఫ్ట్‌వేర్ ఒకరిది, బిల్లింగ్ ఇంకొకరిది, మధ్యలో జేసన్. కాంటావాళ్లు ఒక అప్‌డేట్‌లో తూకం ఫీల్డు పేరు మార్చి, ఎవరికీ చెప్పలేదు. బిల్లింగ్‌కు పాత పేరుతో ఏమీ దొరకలేదు, దొరకనిదాన్ని సున్నా అనుకుంది. బండి నంబరు కరెక్టు, రేటు కరెక్టు, పత్తి తూకం మాత్రం సున్నా. పొద్దంతా ప్రతి మెసేజ్‌కూ 200 ఓకే, అంటే అంతా బాగుందనే జవాబు. సాయంత్రం తక్‌పట్టీలు సరిచూస్తే గానీ బయటపడలేదు. తూకం తప్పనిసరి అని స్కీమాలో ఉండి, వచ్చినదాన్ని స్కీమాతో సరిచూసే వాలిడేషన్ ఆన్‌లో ఉంటే మొదటి బండి దగ్గరే మెసేజ్ తిరిగొచ్చేది.

జేసన్ పక్షం వాళ్లు వెంటనే ఓపెన్‌ఏపీఐ పేరెత్తుతారు, రెస్ట్ సర్వీసుకు ఇలాంటి ఒప్పందం రాసిపెట్టే పద్ధతి అది. మంచిదే, వాడండి. కానీ అది రాస్తే రాసినట్టు, లేకపోతే లేనట్టు. చాలా చోట్ల మన చేతికొచ్చేది పోస్ట్‌మ్యాన్ కలెక్షన్ (శాంపిల్ రిక్వెస్టుల ఫైల్) ఒకటి, వాట్సాప్‌లో ఒక శాంపిల్ రెస్పాన్స్. సోప్‌లో డబ్ల్యూఎస్‌డీఎల్ ఇవ్వకుండా పని మొదలుపెట్టమనేవాళ్లు అరుదు.

నంబర్ల సంగతి కూడా చూడండి. జావాస్క్రిప్ట్ 9007199254740991 దాకానే పూర్ణాంకాలను నమ్మకంగా మోస్తుంది. పద్దెనిమిది అంకెల లావాదేవీ నంబరును జేసన్‌లో నంబరుగా పంపితే చివరి అంకెలు మారిపోవచ్చు. సున్నాతో మొదలయ్యే అకౌంట్ నంబరైతే నంబరుగా రాయడానికే కుదరదు. స్ట్రింగ్‌గా పంపాలని రాతలో ఉంటే ఈ గొడవే లేదు.

సోప్‌తో తలనొప్పులు లేవా అంటే, బోలెడు. 1.1కు కంటెంట్ టైప్ ఒకటి, 1.2కు ఇంకొకటి. కలిపి కొడితే సర్వర్ మొహం మీదే తలుపేస్తుంది. మెసేజ్‌కు భద్రత కోసం డబ్ల్యూఎస్ సెక్యూరిటీ పెడితే, సిస్టమ్ గడియారం కొన్ని నిమిషాలు తప్పినా మెసేజ్ చెల్లదు, ఎర్రర్‌లో ఆ ముక్క సూటిగా చెప్పదు. సర్వీసులన్నిటికీ డైరెక్టరీ అంటూ తెచ్చిన యూడీడీఐ సంగతి సరేసరి. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ నడిపిన పబ్లిక్ రిజిస్ట్రీ 2006లోనే మూతపడింది.

సోప్‌కూ జేసన్‌కూ మధ్య ఇంకో దారుంది, మన దగ్గర బాగా నడిచేదే: సోప్ లేని ఎక్స్ఎంఎల్. చౌరస్తాలో చాయ్ తాగి యూపీఐ కొడితే, బ్యాంకుకూ, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐకీ మధ్య తిరిగేది డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్ఎంఎల్. ఆధార్ అథెంటికేషన్ ఏపీఐ కూడా అంతే. ఇక ఎనుమాముల మార్కెట్ దుకాణాల కోసం పనిచేసేవాళ్లకు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ తప్పదు. మామూలుగా అది 9000 పోర్టులో కూర్చుంటుంది, హెచ్‌టీటీపీ మీద ఎక్స్ఎంఎల్ పంపాలి. ఎన్వలప్, హెడర్, బాడీ అని ట్యాగులు చూసి సోప్ అనుకుంటారు, కాదు. డబ్ల్యూఎస్‌డీఎల్ ఉండదు. లెడ్జర్ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అలాంటి లెడ్జర్ లేదంటుంది. అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది & గుర్తు. మార్కెట్లో సగం బోర్డుల మీద "& సన్స్", "& కో" ఉంటాయి. ఎక్స్ఎంఎల్‌లో ఆ గుర్తుకు వేరే పనుంది, దాన్ని ఎస్కేప్ చేయకుండా, అంటే కోడ్ రూపంలోకి మార్చకుండా పంపితే ఎక్స్ఎంఎల్ అక్కడే విరిగిపోతుంది.

కొత్తగా వచ్చేవి మాత్రం జేసన్ వైపే పోతున్నాయి, దాచడానికేం లేదు. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ జేసన్‌లోనే. ఆదాయపు పన్ను రిటర్నులు కూడా 2021-22 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఎక్స్ఎంఎల్ వదిలి జేసన్‌కు మారాయి.

ఇలా సాఫ్ట్‌వేర్‌లు మాట్లాడుకునే పద్ధతులు ఇంకా ఉన్నాయి. జీఆర్‌పీసీ మీ కంపెనీ లోపలి సర్వీసుల మధ్య బాగుంటుంది. స్క్రీన్లు ఎక్కువగా ఉన్న యాప్‌కు గ్రాఫ్‌క్యూఎల్. ఎక్స్ఎంఎల్-ఆర్‌పీసీ సోప్‌కు అన్న, 1998 నాటిది, ఇప్పుడు కొత్తగా ఎవరూ ఎత్తుకోనక్కర్లేదు. రాత్రికి ఒక సీఎస్‌వీ ఫైల్ పంపితే సరిపోయే పనికి ఇవేవీ వద్దు.

కాబట్టి తమ్ముళ్లూ, రెస్టే ముందు నేర్చుకోండి, ఉద్యోగాలు అక్కడే ఎక్కువ. కానీ డబ్బు చేతులు మారే చోట, అవతల బ్యాంకో బీమా కంపెనీయో ఉన్న చోట సోప్ ఇస్తామంటే మొహం మాడ్చుకోకండి. నన్నడిగితే అక్కడ నేను అదే కోరుకుంటాను. చేయి తిరగాలంటే సోప్ సర్వీసులను పరీక్షించే సోప్‌యూఐ టూల్లో ఏదైనా డబ్ల్యూఎస్‌డీఎల్ ఎక్కించి, తప్పనిసరి ఫీల్డు ఒకటి కావాలని తీసేసి పంపండి. తిరిగొచ్చే తప్పు మెసేజ్‌లో ఫాల్ట్ కోడ్ చదవండి. 1.1లో "క్లయింట్" అని ఉంటే తప్పు మీ వైపు, "సర్వర్" అని ఉంటే వాళ్ల వైపు. 1.2లో అవే "సెండర్", "రిసీవర్" అయ్యాయి.