గాలం జట్టుకి మేనేజర్ ఎంపిక మేలా, ట్రయల్స్ మేలా?

పోయిన ఏడాది మా క్లబ్బులో ఒకాయనకి ఉత్తరం వచ్చింది. మొదటి పేరాలో అభినందనలు, మీరు స్క్వాడ్‌కి ఎంపికయ్యారని. రెండో పేరాలో కట్టాల్సిన డబ్బు, గడువు తేదీ. ఆయన ప్లంబర్. ఇంగ్లండ్‌లో ట్రెంట్ నది ఒడ్డున గాలం వేస్తూ నా పక్కనే కూర్చుని ఆ కాగితం రెండుసార్లు చదివాడు. నాలుగు మడతలు పెట్టి ఎరల డబ్బా కింద దోపి, మళ్లీ బెండు వైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఆ మాటే ఎత్తలేదు. చివరికి పోటీకి వెళ్లనూ లేదు. ఏ జట్టు, ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం.

ఇలాంటి ఉత్తరం మనవాళ్లకి కొత్తేమీ కాదు. కరాటేకో, స్కేటింగ్‌కో పిల్లల్ని పంపిన తల్లిదండ్రుల్ని అడగండి. "మీ వాడు సెలెక్ట్ అయ్యాడండీ" అనే ఫోన్ వెనకే ఎంత కట్టాలో కూడా చెబుతారు. "ప్రభుత్వానికి ఖర్చు లేకుండా" అనే షరతు మీద విదేశీ పోటీలకి అనుమతి ఇవ్వడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే. నేను నాటింగ్‌హామ్‌లో ఉంటాను కాబట్టి నాకు దగ్గరగా తెలిసిన ఇంగ్లండ్ సంగతే రాస్తున్నాను. జట్టుని మేనేజర్ తనే ఎంచుకోవడం ఒక పద్ధతి, ట్రయల్స్ అంటే పోటీలు పెట్టి నెగ్గినవాళ్లని తీసుకోవడం ఇంకో పద్ధతి. ఇక్కడ ఆ రెండు రకాల ఎంపికలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, పోల్చి చూడటానికి వీలుగా.

ముందు ఆట గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఎంపిక గొడవ అర్థం కాదు.

మంచినీటి గాలం పోటీల్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1957 నుంచి జరుగుతోంది. ఒక్కో దేశానికి ఐదుగురు పోటీలో కూర్చుంటారు, ఒకరు రిజర్వు. ఒడ్డును ఐదు సెక్టార్లుగా విభజిస్తారు. ప్రతి సెక్టార్‌లో ప్రతి దేశం నుంచి ఒకరు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీ తీసి తేలుస్తారు. ఆ చోటుని పెగ్ అంటారు. పట్టిన చేపల్ని వలసంచీలో బతికే ఉంచి, చివర్లో తూకం వేసి నీళ్లలో వదిలేస్తారు. సెక్టార్‌లో మొదటివాడికి 1 పాయింటు, రెండోవాడికి 2, అలా వరసగా. రెండు రోజుల పాయింట్లు కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్ల జట్టే గెలిచినట్టు.

ఈ లెక్కలోనే అసలు సంగతి ఉంది. ఒకడు మొదటి రోజు నాలుగో స్థానం, రెండో రోజు ఐదో స్థానం తెచ్చాడనుకోండి, జట్టుకి 9 పాయింట్లు. ఇంకొకడు ఒకరోజు అందరికన్నా ముందు నిలిచి, మర్నాడు పెద్దచేప కోసం కాచుక్కూర్చుని పంతొమ్మిదో స్థానంలో తేలితే 20. ఊళ్లో అందరూ చెప్పుకునేది రెండోవాడి గురించే. జట్టుకి కావాల్సింది మాత్రం మొదటివాడు. చాలాచోట్ల పట్టాల్సింది వేలెడంత చేపల్ని. బియ్యపు గింజంత గాలం, దానికి ఒక్క ఎర్ర పురుగు, ఒకే వేగంతో గంటలకొద్దీ చేతులు ఆడుతూనే ఉండాలి. పక్కవాడు ఏం పట్టాడో చూసి టెన్షన్ పడి పద్ధతి మార్చాడా, అయిపోయినట్టే.

ఇప్పుడు మేనేజర్ ఎంపిక. ట్రౌట్, సాల్మన్ కాకుండా మిగతా మంచినీటి చేపల గాలాన్ని ఇక్కడ కోర్స్ ఫిషింగ్ అంటారు. ఇంగ్లండ్ కోర్స్ జట్టుని మేనేజరే ఎంచుకుంటూ వచ్చాడు. డిక్ క్లెగ్ చాలాకాలం ఆ పనిలో ఉన్నాడు, ఆయన తర్వాత మార్క్ యాడీ, మార్క్ డౌన్స్ కలిసి చేశారు. ఫలితాలు చూస్తే ఈ పద్ధతిని తేలిగ్గా తీసెయ్యలేం. 1985లో ఇటలీలో, ఫ్లోరెన్స్ ఊరి మధ్య పారే ఆర్నో నది మీద ఇంగ్లండ్ మొదటిసారి జట్టు స్వర్ణం కొట్టింది. 1987లో, 1988లో మళ్లీ కొట్టింది. బాబ్ నడ్ 1990, 1991, 1994, 1999ల్లో వ్యక్తిగత ఛాంపియన్ అయ్యాడు. అందులో 1994 విజయం మా ఊళ్లోనే, హోమ్ పియర్‌పాంట్ రోయింగ్ సరస్సు మీద. ఇప్పటికీ అక్కడ నడుస్తుంటే పెద్దవాళ్లు ఆ రోజు గురించే చెబుతారు. ఇక అలన్ స్కాథోర్న్ 1996, 1997, 1998ల్లో వరసగా మూడేళ్లు, ఆ తర్వాత 2003, 2007ల్లో గెలిచాడు.

నడ్ నాలుగోసారి గెలిచేనాటికి యాభై దాటాడు. ఏటా ట్రయల్స్ పెట్టి పైనున్న ఆరుగురినే తీసుకుని ఉంటే, ఒక్క చెడ్డ పెగ్ పడి ఆయన ఏదో ఒక ఏడాది ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేదేమో. మేనేజర్ పద్ధతికి ఉన్న బలం ఇదే. ఒక చెడ్డరోజుని చూసి మనిషిని వదిలెయ్యక్కర్లేదు. పోటీకి ముందు వారమంతా అదే నీళ్ల మీద కలిసి సాధన చేస్తారు. ఎవడు ఏ లోతులో పట్టాడో రాత్రి భోజనాల దగ్గర దాచుకోకుండా చెప్పుకోవాలి. అలా చెప్పుకునే మనుషులెవరో తూకం కాగితం చెప్పదు, దగ్గర్నుంచి చూసినవాడికే తెలుస్తుంది.

మరి లోపం? మేనేజర్ కంట్లో పడాలి. పడాలంటే పెద్ద పోటీలకి వెళ్లాలి, వీలైతే విదేశాల్లో జరిగేవాటికి కూడా. ఎంట్రీ ఫీజు, ఎరలు, డీజిల్, హోటలు, సెలవు. పదమూడు మీటర్ల పోల్, అంటే రీలు లేని పొడుగాటి గాలం కర్ర, మంచిది కావాలంటే దానికే వేల పౌండ్లు. మారుమూల కాలువ మీద వారం వారం గెలిచేవాడిని మేనేజర్ ఎప్పుడు చూస్తాడు? మేనేజర్ ఎంత నిజాయితీపరుడైనా తనకి కనిపించినవాళ్లలోంచే కదా ఎంచుకునేది.

ట్రయల్స్‌కి ఉదాహరణ ఇదే దేశంలో ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఎరతో పట్టడం. సరస్సు మీద పడవలోంచి ట్రౌట్ పట్టే లాక్ స్టైల్ పోటీల్లో ప్రాంతాలవారీగా ఎలిమినేటర్లు ఉంటాయి. వాటిలో నెగ్గినవాళ్లు నేషనల్ ఫైనల్‌కి వెళ్తారు. అక్కడ పైస్థానాల్లో నిలిచినవాళ్లకి ఇంగ్లండ్ తరఫున స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్‌లతో ఆడే అవకాశం. బస్సు డ్రైవర్ అయినా సరే, డాక్టర్ అయినా సరే, అదే పడవ, అదే గాలి. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. ఓడినవాడు కూడా "నాకన్నా వాడు ఎక్కువ పట్టాడు" అని ఒప్పుకుని ఇంటికెళ్తాడు. ఆ మనశ్శాంతి చిన్నదేమీ కాదు. సెలెక్షన్ మీద అనుమానం పుట్టిన ఆటలో మొదట మానేసేది పిల్లలే.

కానీ నీళ్లు సమానంగా ఉండవు. ఒడ్డు మీద చివరి పెగ్ పడినవాడికి ఒకపక్క పోటీయే ఉండదు, చేపలు అటు జరుగుతాయి. నేనే ఒకసారి చివరి పెగ్ మీద కూర్చుని నాకన్నా ఎంతో మంచివాళ్లని దాటేశాను. ఆ రోజు తూకం చూసి ఎవరైనా నన్ను జట్టులోకి తీసుకుని ఉంటే ఆ జట్టు మునిగేది. అందుకే ఒకటి రెండు పోటీలతో తేల్చే ట్రయల్స్ నాకు నచ్చవు. కనీసం ఐదు ఉండాలి, అవీ వేర్వేరు నీళ్ల మీద. అందులో అన్నిటికన్నా చెడ్డ ఫలితాన్ని తీసేసి మిగతా నాలుగే లెక్కెయ్యాలి.

ఇక్కడే డబ్బు అడ్డం తిరుగుతుంది. ఐదు ట్రయల్స్ అంటే ఐదు వారాంతాలు. శనివారం కూడా పనికి వెళ్తేగాని ఇల్లు గడవని ప్లంబర్‌కి అది ఐదు శనివారాల కూలి, ఆపైన ఖర్చులు. అందరికీ తలుపు తెరిచామని మనం అనుకుంటాం. ఆ గుమ్మం దాకా రావడానికే చార్జీలు లేనివాడి సంగతి? మేనేజర్ ఎంపికలో చూపు దాకా రావడానికి డబ్బు కావాలి, ట్రయల్స్‌లో పోటీ దాకా రావడానికి డబ్బు కావాలి. ఏ పద్ధతి పెట్టినా, ఖర్చు ఆటగాడి జేబులోంచే పోతుంటే సగం ఎంపిక ఆ జేబే చేసేస్తోంది. మా ప్లంబర్‌ని ఎవరూ కాదనలేదు. ఆయన్ని ఎంపిక చేశారు కూడా.

నాకు ఈ ఆట వచ్చింది మా ఊరి చెరువు గట్టు మీద. వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు ముక్క, పెరట్లో తవ్విన వానపాములు. తాతయ్య ఒక్కోసారి బెండుకి బదులు నెమలి ఈక కాడ కట్టేవాడు. ఇంగ్లండ్ వచ్చాక పెట్టె తెరిచి తను చేసిన బెండ్లు చూపించిన మొదటి ముసలాయన చేతిలో కూడా నెమలి ఈక కాడే ఉంది. అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! పది రూపాయల్లో మొదలయ్యే ఆట ఇది. పైకి వెళ్లేకొద్దీ డబ్బున్నవాళ్లదిగా మారిపోతుంటే చూడబుద్ధి కాదు.

డబ్బు ఎక్కణ్నుంచి రావాలి? ప్రభుత్వం నుంచి ఇక్కడ పెద్దగా ఆశ లేదు. బ్రిటన్‌లో పైస్థాయి క్రీడల డబ్బు ప్రధానంగా ఒలింపిక్, పారాలింపిక్ ఆటలకి పోతుంది. 1900 పారిస్ క్రీడల సమయంలో సీన్ నది ఒడ్డున గాలం పోటీ జరిగింది గానీ అది అధికారిక ఒలింపిక్ ఆటగా నిలబడలేదు. స్పాన్సర్ ఉంటే మేలే. గాలం సామాను తయారుచేసే ఆక్స్‌ఫర్డ్ కంపెనీ డ్రెన్నన్ ఇంగ్లండ్ జట్లకి ఏళ్లతరబడి అండగా నిలిచింది, దానికి కృతజ్ఞత చెప్పాల్సిందే. అయితే ఏ కంపెనీ అయినా సాధారణంగా తన పేరు కనిపించే చోటే డబ్బు పెడుతుంది, అంటే ఎంపికైపోయిన జట్టు మీద. ట్రయల్స్‌కి వచ్చే కుర్రాడి రైలు టికెట్ మీద ఎవరి పేరూ ఉండదు. పైగా వేరే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆటగాడికి జట్టు చొక్కా వేసుకోవడమే చిక్కు.

నాకు మేలనిపించేది సభ్యుల చందా. ఒక పోటీలో నలభై మంది కూర్చుంటే మనిషికి 50 పెన్స్ చొప్పున 20 పౌండ్లు. ఏడాదికి ముప్పై పోటీలు జరిపే క్లబ్బుకి 600 అవుతుంది. అలాంటి పది క్లబ్బులు కలిస్తే 6,000. ప్రపంచ పోటీకి వెళ్లే జట్టు ఖర్చంతా దాంతో తీరదు, ఆ భారం స్పాన్సర్ మొయ్యాలి. ట్రయల్స్‌కి వచ్చేవాళ్ల దారిఖర్చులకి, హోటల్ గదులకి మాత్రం చాలావరకు సరిపోతుంది. ముందు కావాల్సింది అదే.

ఎంపిక విషయానికొస్తే, ఆరుగురిలో నలుగురు ట్రయల్స్ నుంచి రావాలి, ఇద్దరిని మేనేజర్ ఎంచుకోవాలి. ఆ ఇద్దరినీ ఎందుకు తీసుకున్నాడో నాలుగు వాక్యాల్లో రాసి అందరికీ చూపించాలి. ఐదుగురూ ఒకే తాటి మీద నడవాల్సిన ఆటలో మేనేజర్ చేతులు పూర్తిగా కట్టెయ్యకూడదు. నడ్ లాంటివాడికి చెడ్డ పెగ్ పడిన ఏడాది ఆ రెండు చోట్లే కాపాడతాయి. కొత్త జట్టుకైతే, ఆటగాళ్లెవరో ఎవరికీ తెలియని చోటైతే, మొదటి రెండు మూడేళ్లు మొత్తం ట్రయల్సే పెట్టమంటాను. మన రాష్ట్రాల్లో ఎప్పుడైనా గాలం జట్టు కడితే అక్కడా నేను చెప్పేది ఇదే.

50 పెన్స్ ప్రతిపాదన మా క్లబ్బు వార్షిక సమావేశంలో పెడుతున్నాను. బలపరుస్తూ సంతకం పెట్టమని కాగితం పట్టుకెళ్లి మొదట ప్లంబర్‌నే అడిగాను. పెట్టాడు. ఈసారి ట్రయల్స్ ఎప్పుడని తేదీలు కూడా అడిగాడు.